మిల్లులో తీసిన పాట

పెండ్లికి ముందు వీడియో అంటే ఈ రోజుల్లో జోడీలు ఎక్కడెక్కడికో పోతాయి. హర్షిణి, రంజిత్ మాత్రం మూతపడ్డ నూలు మిల్లుకు వచ్చారు. అది హర్షిణికి కాబోయే అత్త కోమల పెట్టిన షరతు. ఆ మిల్లులో ఆమె పద్దెనిమిదేళ్లు పనిచేసింది.

ఆమె పెట్టిన ఇంకో షరతే హర్షిణికి మింగుడు పడటం లేదు. పెళ్లయ్యాక ఉట్నూర్‌లో నర్సు ఉద్యోగం మానేసి, చొప్పదండిలో ఇంటి పట్టునే ఉండాలి. ఇష్టం లేకపోతే సంబంధమే వద్దని కోమల తెగేసి చెప్పింది. హర్షిణి తలైతే ఊపింది గానీ, రాజీనామా కాగితం ఇంకా రాయలేదు.

వాచ్‌మన్ తాళం తీశాడు. తలుపు కిర్రుమంది. లోపల ఎంత పెద్ద షెడ్డో! పైకప్పు రేకుల చిల్లుల్లోంచి ఎండ పడుతోంది. వరుసలు వరుసలుగా తుప్పు పట్టిన మిషన్లు. వాటి మీద పదిహేనేళ్ల దుమ్ము, పావురాల రెట్టలు. అక్కడక్కడా ఇంకా కదుళ్లకే ఉండిపోయిన నూలు కండెలు.

వెంట వచ్చిన కోమలకు ఇక పట్టపగ్గాల్లేవు. యాభై అయిదేళ్ల మనిషి, కుచ్చిళ్లు ఎగదోపుకుని ఒక మిషను దగ్గర్నుంచి ఇంకో మిషను దగ్గరికి ఒకటే పరుగు. ఇది తనది, అది పద్మలతది, ఆ మూలది బాలలక్ష్మిది, దానికి పొద్దస్తమానం దారం తెగడమే పని అని చూపించింది. ఒక మిషను చక్రం పట్టుకుని గట్టిగా తిప్పింది. అది కదలలేదు గానీ, రెండు పావురాలు మాత్రం లేచిపోయాయి.

"ఇవన్నీ తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడకపోయేది బిడ్డా. గా రొదల్నే నేను, ఇంకో నలభై మంది కడుపు పగిలేటట్టు నవ్వుకునేటోళ్లం" అంది.

హర్షిణి ఊ కొట్టింది. అత్త దగ్గర నోరు విప్పాలంటేనే ఆమెకు గుబులు. ఎవరు మాట్లాడినా కోమల వాళ్ల మొహంలోకే గుచ్చి గుచ్చి చూస్తుంది. పరమ అనుమానపు మనిషి అని హర్షిణి ఎప్పుడో ఖాయం చేసుకుంది.

కాసేపటికి కోమల వాచ్‌మన్‌తో పాత ముచ్చట్లు పెట్టుకుని గేటు దాకా వెళ్లిపోయింది. హర్షిణికి ప్రాణం లేచొచ్చింది.

వీడియో తీసే అంబదాస్ దూరంగా నిలబడి పెద్ద లెన్సు బిగించాడు. ఏదో ఒకటి మాట్లాడుకుంటూ నడవమన్నాడు. మాటలు రికార్డు కావని, మీద పాట వేస్తానని భరోసా ఇచ్చాడు.

ఇంకేం కావాలి? నెల రోజులుగా కడుపులో దాచుకున్నదంతా హర్షిణి బయట పెట్టేసింది.

"నేనైతే నౌకరి ఇడిచిపెట్ట."

"ఇడువకు. నేనే ఉట్నూర్ వస్త. ఆడ జీపులే జీపులు. మెకానిక్కుకు పనే పని" అన్నాడు రంజిత్. రూం కూడా చూసిపెట్టానని, ఆ ముచ్చట మూడు ముళ్లు పడ్డాకే ఇంట్లో చెబుదామని అన్నాడు.

హర్షిణికి నవ్వాగలేదు. నడుముకు కొంగు బిగించి, కళ్లు పెద్దవి చేసి, అచ్చం అత్తలాగే నాలుగడుగులు నడిచి చూపించింది. మన ఇంట్లో అత్త ఉండదు, సూపర్‌వైజర్ ఉంటుంది అంది. ఆమె చేసే పచ్చిపులుసు తాగితే సముద్రం తాగినట్టే అంది. రంజిత్ మిషను మీద చెయ్యేసి పడీపడీ నవ్వాడు. ఇద్దరి నెత్తుల మీదా దూది నుసి రాలింది.

అంతలోనే హర్షిణి ఆగింది.

"మరి మీ అమ్మను ఒక్కదాన్నే ఎట్ల ఇడిచిపోదాం?"

"వస్తనంటే నెత్తిమీద పెట్టుకొని తీస్కపోత. అడుగుడుకే భయమైతుంది" అన్నాడు రంజిత్.

కెమెరా కన్నార్పకుండా తీసింది.

పెళ్లి నాడు ఫంక్షన్ హాలులో గోడంత తెర పెట్టారు. ముందు వరుసలన్నీ కోమల పిలిచిన మిల్లు ఆడవాళ్లవే. నలభైకి నలభై మందీ జరీ చీరల్లో దిగారు. అంబదాస్ పనితనానికి వంక పెట్టడానికి లేదు. మొహాలు ఇంతింత పెద్దవిగా, నెమ్మదిగా, పెదవి మీది చెమట చుక్క కూడా కనపడేలా తీశాడు. మీద హాలు అదిరిపోయే పాట.

అప్పటిదాకా గలగలలాడుతున్న ముందు వరుసలు ఒక్కసారిగా సద్దుమణిగాయి. అందరి కళ్లూ తెర మీదే. పాట అంత నచ్చిందా అని పీటల మీది హర్షిణి మురిసిపోయింది. బాలలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పద్మలత పక్కామె తొడ మీద ఫట్టున చరిచింది. ఇంకొకామె నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకుంది. కోమల మాత్రం రెప్ప వేయలేదు.

పాట అయిపోయింది. జీలకర్రబెల్లం వేళకు కోమల మెట్లెక్కి వచ్చి, నేరుగా కోడలి ముందు నిలబడింది. ఆ గుచ్చే చూపుకు హర్షిణి తల దించుకుంది. కోమల వంగి, కోడలి చెవిలో నోరు పెట్టింది.

"ఉట్నూర్ల రూం చిన్నగుంటదేమో బిడ్డా. సూపర్‌వైజర్‌కు ఒక మంచం పట్టే జాగ ఉంటదా?"

హర్షిణి బిక్కచచ్చిపోయి ముందు వరుసల వైపు చూసింది.

పిడుగు పడ్డా వినపడని ఆ మిల్లులో కోమల, ఆ నలభై మందీ పద్దెనిమిదేళ్లు మాట్లాడుకున్నది ఒకరి పెదాలు ఒకరు చూసే.