నాలుగో బల్ల ఆవిడ

ఆ వీధిలో ఆవిడ రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. చైనీస్ హోటల్ కనిపించలేదు. చివరికి తాళాలు బాగుచేసే ఆయన్ని అడిగింది.

"దాని ముందే నిలబడ్డారమ్మా" అన్నాడాయన.

తాళాల కొట్టుకీ టైలరు కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంది హోటల్. బోర్డు మీద రంగు సగం రాలిపోయింది. లోపల ఐదే బల్లలు. గోడ గడియారం పది నిమిషాలు వెనక. వంటవాడూ, వడ్డించేవాడూ, యజమానీ అన్నీ ఒక్కడే. ముప్పై ఏళ్లుంటాయి. గిన్నెలు తోమడానికి ఒక ముసలామె ఉంది. ఆమెని పిన్నీ అని పిలుస్తాడు.

ఆవిడ వంటగది తలుపుకి ఎదురుగా, నాలుగో బల్ల దగ్గర కూర్చుంది.

"ఇక్కడ ఏది బాగుంటుంది?"

"నూడుల్సండీ. అందరూ వాటికోసమే వస్తారు."

అందరూ అంటే ఆ పూటకి ఆవిడా, ఇంకో ఇద్దరూ.

"అయితే అవే తీసుకురా."

మొదటి ముద్ద కళ్లు మూసుకుని తిన్నది. వంటగదిలోంచి తొంగిచూసిన యజమాని మురిసిపోయాడు. ప్లేటు ఖాళీ చేసి, మూడు గ్లాసుల మంచినీళ్లు తాగి వెళ్లిపోయిందావిడ.

మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. ఇక ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం. రెండు బస్సులు మారి వస్తుందట.

తాళాలాయన యజమాని చెవి కొరికాడు. "తమ్ముడూ, నాకేదో తేడాగా ఉంది. ఆవిడ ప్లేటు కంటే నీ వంటగదినే ఎక్కువ చూస్తోంది. తనిఖీ ఆఫీసరేమో, చూసుకో!"

యజమాని గుండెల్లో రాయి పడింది. ఆ వారమంతా గోడలు కడిగాడు, పొయ్యి రుద్దాడు, మూకుళ్లు మళ్లీ మళ్లీ తోమాడు.

"ఇంకా తోమితే మూకుడికి చిల్లు పడుతుంది నాయనా" అంది పిన్ని.

మంగళవారం ఆవిడ సూపు చల్లారిందని వెనక్కి పంపింది. మళ్లీ తెచ్చాడు. ఉప్పు చాల్లేదంది. మళ్లీ తెచ్చాడు. ఈసారి మిరియాలు ఎక్కువయ్యాయంది. నాలుగో గిన్నె తెచ్చేసరికి అతని మొహం నిండా చెమట.

"కోపం రావట్లేదా?" అందావిడ.

"వస్తోందండీ. సూపు మీద."

ఆవిడకి నవ్వొచ్చింది. చప్పున గ్లాసు ఎత్తి నీళ్లు తాగింది.

ఇంకో శుక్రవారం హోటల్ కాస్త సందడిగా ఉన్న వేళ, పిన్ని చేతిలోంచి ప్లేట్ల దొంతర జారింది. పన్నెండు ప్లేట్లూ ముక్కలు. అందరూ ఉలిక్కిపడి చూశారు. యజమాని పొయ్యి ఆపేసి పరిగెత్తుకొచ్చాడు. ముక్కల వంక చూడనే లేదు.

"చెయ్యి తెగిందా పిన్నీ? ఏదీ, చూపించు."

కట్టు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, తనే గిన్నెలు తోమడానికి దిగాడు. "ఇవాళ కాస్త ఆలస్యమవుతుందండీ, ఏమనుకోకండి" అని ప్రతి బల్లకీ చెప్పాడు. ఒకాయన విసుక్కుంటూ లేచిపోయాడు. ఆవిడ మాత్రం ముప్పావుగంట కిక్కురుమనకుండా కూర్చుంది. హడావిడిలో వేయించిన నూడుల్స్ ముద్దయిపోయాయి.

"క్షమించండి. ఇవాళ సరిగ్గా కుదర్లేదు."

"ఇవాళే సులువుగా దిగాయి" అందావిడ.

ఆ మాటతో అతనికి ధైర్యం వచ్చింది. "ఒకటి అడగనా అండీ? మీరు ఆఫీసరా?"

"ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నేనేం ఆఫీసర్ని!"

యజమాని ఒక్క గంతులో తాళాల కొట్లో ఉన్నాడు. "ఆఫీసరూ లేదు, గీఫీసరూ లేదు! ఆవిడకి మన నూడుల్స్ పిచ్చి, అంతే!"

ఆ కబురు సాయంత్రానికల్లా వీధంతా పాకింది. 'ఎవరో రెండు బస్సులెక్కి వచ్చి తింటుంటే, గోడ పక్కనున్న నేను ఒక్కసారీ తినలేదే' అనుకున్నాడు టైలరు. పెళ్లాం పిల్లల్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లు వాళ్ల చుట్టాల్ని తెచ్చారు. ఐదు బల్లలూ చాలని రోజులొచ్చాయి. నాలుగో బల్లని మాత్రం మంగళ, శుక్రవారాల్లో ఎవ్వరికీ ఇచ్చేవాడు కాదు యజమాని.

నాలుగు నెలలు గడిచాయి. ఆ శుక్రవారం ఆవిడ భర్తతో వచ్చింది. ఆయన రెండు ప్లేట్ల నూడుల్స్ లాగించి, సూపు గిన్నె ఎత్తి అడుగుదాకా తాగాడు.

"ఇన్నాళ్లూ ఒక్కదానివే వస్తున్నావు కదుటే! ఇంత అన్యాయమా?" అని భార్యని కోప్పడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకా ఎన్నాళ్లు నానుస్తావు? చెప్పెయ్" అన్నాడు.

ఆవిడ యజమానిని పిలిచింది. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"కూర్చో."

తన హోటల్లో తనెప్పుడూ ఆ కుర్చీలో కూర్చున్నవాడు కాదు. ఇక రావడం మానేస్తానంటుందేమో అని అతని మనసు కీడు శంకించింది. కుర్చీ అంచు మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

"నువ్వూ మా అమ్మాయీ మనసుపడ్డారని తెలిసి, నేనెవరో చెప్పకుండా నువ్వెలాంటివాడివో నా కళ్లతో చూద్దామని వచ్చాను, పెళ్లి నాకు ఇష్టమే" అందావిడ, "కానీ బాబూ, విందులో మాత్రం ఈ నూడుల్స్ పెట్టకు, ఈ సాసు వాసనకే నాకు మొదట్నుంచీ కడుపులో తిప్పుతుంది."