గురువారం, మూడు గంటలకు

తాళాలు బాగుచేసే ఆయన తను తెరిచిన తలుపుల కథలు బ్లాగులో రాస్తాడు. ప్రతి గురువారం, మధ్యాహ్నం మూడింటికి.

“ఆ టైంకి ఎవరు చూస్తారు నాన్నా? సోమవారం పొద్దున తొమ్మిదికి పెడదాం. జనం ఆఫీసులకెళ్తూ ఫోన్లు తీసేది అప్పుడే,” అంది కూతురు. బ్లాగు ప్రచారమంతా ఆమె చేతిలోనే.

మార్చేశారు. చదివేవాళ్ళు మూడింతలయ్యారు.

ఆ గురువారమే ఎవరో ఒకావిడ ఆయనకు ఫోన్ చేసింది.

“సోమవారం పెట్టేశారేంటండీ? గురువారం మూడింటికే పెట్టండి.”

“అప్పుడే చదువుకోండి, ఎవరొద్దన్నారు?”

“అప్పటికి చల్లారిపోతుందండీ. మాకు ఎదురుచూడ్డానికి ఉన్నది అదొక్కటే.”

“మీ ఒక్కరి కోసం మార్చాలా?”

“మార్చాల్సిందే. మార్చేదాకా వదలను.”

అన్నంత పనీ చేసింది. కథ కింద ‘కిటికీ పక్క తాత’, ‘నవ్వుల అక్క’, ‘బొంగురు గొంతాయన’ అంటూ పన్నెండు పేర్లతో పన్నెండు వ్యాఖ్యలు. అందరిదీ ఒకటే పట్టు, గురువారం మూడు.

“అన్నీ ఒకే ఖాతా నుంచి నాన్నా! దొంగ పేర్లు!” కూతురు మండిపడింది.

“ఎన్ని గుండెలు! నా బ్లాగులో ఈవిడ పెత్తనమేంటి? అడుగు పెట్టనివ్వకు.”

ఆ ఖాతాను బ్లాక్ చేసి పారేశారు. పీడ విరగడైందనుకున్నాడు.

రెండు నెలలకు, ఒక గురువారం మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి పిలుపొచ్చింది. డయాలసిస్ వార్డులో ఒక లాకరు తెరవాలట.

“వాడుకునే ఆవిడ పోయిన వారం చనిపోయారు. తాళంచెవి దొరకలేదు,” అంది నర్సు.

చిటికెలో తెరిచాడు. లోపల ఒక నోటుపుస్తకం. పేజీ పేజీకీ తన కథల పేర్లే! ఒక్కో పేరు కింద కిటికీ పక్క తాత ఏమన్నాడో, నవ్వుల అక్క ఏమడిగిందో రాసి ఉంది. చివరి పేజీలో, ‘ఇంకా మార్చలేదు. అయినా వదలను.’

ఆయన తలెత్తి వార్డులో మంచాలు లెక్కపెట్టాడు. పన్నెండు.

“బాబూ,” కిటికీ పక్క మంచం మీంచి ఒక తాత పిలిచాడు. “నీకు చదవడం వచ్చా? తాళాలాయన కథ ఈ వారం ఏమొచ్చిందో? చదివే తల్లి పోయింది.”

ఆయన కూతురికి ఫోన్ చేశాడు.

“కథ మళ్ళీ గురువారం మూడింటికి మార్చు.”

“పిచ్చా నాన్నా? ఉన్నవాళ్ళు కూడా పోతారు!”

“పోనీ.”

“ఆ టైం అడిగింది ఆ దొంగ పేర్లావిడ ఒక్కతే కదా!”

“దొంగ పేర్లు కాదే. ప్రతి గురువారం మూడింటికి ఒక చేతికి సూది గుచ్చుకుని, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని, పన్నెండు మంచాలకీ నా కథ చదివి వినిపించి, వాళ్ళ మాటలు నాకు రాసి పంపింది ఆవిడే.”