గోదాం వాలులో నూకరాజు సేఠ్

మా అన్న ప్రేమ్‌చంద్ తాగి బండి గుద్దాడని బండి యజమాని నూకరాజు సేఠ్ మా టాటీబంధ్ పేట అంతా చాటాడు. అన్న చుక్క ముట్టడు. బ్రేకులు సరిగ్గా పడట్లేదు, బ్రేక్ షూలు మార్చండని మొత్తుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు నడుం విరిగి మంచంలో ఉన్నాడు.

అదే పికప్‌కి సొట్టలు తీయించి, రంగేయించి, తాళం నా చేతికిచ్చాడు సేఠ్. పక్కసీట్లో కూర్చుని, "మీ అన్నలా కాకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని తోలరా" అన్నాడు.

గోదాం వాలు దిగుతున్నాం. కింద గేటు మూసి ఉంది. గేటు పక్క అరుగు మీద హమాలీలు టీ తాగుతున్నారు.

"సేఠ్, బండి ఆగట్లేదు" అన్నాను.

"ఒరే, బ్రేకు తొక్కరా!"

"అన్న కూడా తొక్కాడు. మార్చమని మీకు చెప్పాడా, లేదా?"

"చెప్పాడ్రా బాబూ! నేనే మార్చలేదు! ఆపరా!"

"హిందీలో చెప్పండి సేఠ్. హమాలీలకి తెలుగు రాదు."

గేటు దగ్గరికొచ్చేసింది. సేఠ్ కిటికీలోంచి తల బయటపెట్టి, "బ్రేక్ మైనే నహీ బదల్వాయా! ప్రేమ్‌చంద్ కీ గల్తీ నహీ థీ!" అని, బ్రేకు మార్పించనిది తనేననీ అన్న తప్పేం లేదనీ గొంతు చించుకున్నాడు. హమాలీలంతా గ్లాసులు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

అప్పుడు బ్రేకు మీద కాలేశాను. గేటుకి బారెడు దూరంలో బండి మెత్తగా ఆగింది.

సేఠ్ చెమట కూడా తుడుచుకోకుండా నా వైపు చూశాడు. "ఎలా ఆగిందిరా?"

"షూలు నిన్ననే నా చేత్తో మార్చాను సేఠ్. మంచాన పడ్డ కొడుకు మా అమ్మకి ఒక్కడు చాలు."