అంగాళమ్మ ఊరుబిండి

కేశవమూర్తి రాగిసంగటి ముద్దను ఊరుబిండి పచ్చడిలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"బాగుంది" అన్నాడు.

జ్ఞానాంబ గరిటె పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఏ మాట వస్తుందో ఆమెకు తెలుసు.

"పోచంపల్లి సంతలో అంగాళమ్మది తినాల నువ్వు. దాని దారే వేరు."

గరిటె గిన్నెలో ఠంగున పడింది.

1978 నాటి మాట. హోసూరులో కేశవమూర్తికి కిరాణా కొట్టు. ఆదివారం కొట్టు మూసి, ఎండుమిరపకాయలు చూసి వస్తానని బస్సెక్కేవాడు. కృష్ణగిరిలో దిగి పోచంపల్లికి ఇంకో బస్సు. మిరపకాయలు నెపం. అసలు పని సంతలో సంగటి అమ్మే అంగాళమ్మ వేసే ఆకు ముందు.

"సంగటి కోసం అంత దూరమా?"

"షికారూ అయితాది! పైగా మనం తెల్లగడ్డ తినమని, నాకోసం తెల్లగడ్డ లేకుండా నూరతాది ఆయమ్మ."

'నాకోసం' అన్న మాట పంటిసందున మిరపగింజలా ఇరుక్కుంది జ్ఞానాంబకు.

వేయించిన శెనక్కాయలు, చింతపండుకు బదులు కాల్చిన చింతకాయ, చివర్న గుప్పెడు నల్లనువ్వులు. జ్ఞానాంబ నూరిన ఊరుబిండి కోసం చుట్టాలు పని కల్పించుకుని మరీ వచ్చేవాళ్లు. మొగుడొక్కడే పదిహేనేళ్లలో 'బాగుంది' దాటి ఇంకో మాట అనలేదు.

"వచ్చే ఆదివారం నేనూ వస్తా" అంది.

తన సంగటి, తన ఊరుబిండి క్యారియర్లో పెట్టుకుని మరీ బయల్దేరింది.

సంతలో మేకల అరుపుల మధ్య, తాటాకు పందిరి కింద కనిపించింది అంగాళమ్మ. వయసులో ఉన్న మనిషి అనుకుంది జ్ఞానాంబ. తీరా చూస్తే తల ముగ్గుబుట్ట, ముందు రెండు పళ్లు లేవు.

అయినా మంట తగ్గలేదు. అందం దగ్గర ఓడిపోతే ఏదో సర్దిచెప్పుకోవచ్చు. చేతిరుచి దగ్గర ఓడిపోతే ఎట్లా?

"శెట్టప్పా, ఈయమ్మేనా?" కేశవమూర్తిని అడుగుతూ అంగాళమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "కూచోమ్మా, ఆకు వేస్తా."

"నేను బయట తినను."

కేశవమూర్తి కడుపారా తిని మిరపకాయల రాశుల వైపు పోయాడు. జ్ఞానాంబ క్యారియర్ విప్పింది. అంగాళమ్మ మెల్లగా వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"అది ఊరుబిండేనామ్మా?"

"అవును. ఏం?"

"ఒక్క ముద్ద పెడతావా?"

చెయ్యి చాచింది.

నలుగురిలో వంకపెట్టి పరువు తీయడానికే అనుకుంది జ్ఞానాంబ. దిగ్గున లేచింది. గిన్నె తీసుకుపోయి పందిరి బయట పడుకున్న కుక్క ముందు బోర్లించింది.

"శెట్టప్పకు నీదే రుచి కదా! నాది కుక్కలకు చాల్లే."

అంగాళమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

తిరుగు బస్సులో జ్ఞానాంబ కిటికీ పక్కన కూర్చుని హాయిగా కునుకు తీసింది.

ఏడాది తిరక్కుండానే ఒక ఆదివారం కేశవమూర్తి దిగాలుగా వచ్చాడు.

"అంగాళమ్మ పోయిందే. ఇప్పుడు కోడలు నంజమ్మ నడుపుతాంది."

"అయ్యో" అంది జ్ఞానాంబ. లోపల మాత్రం బరువేదో దిగినట్టయింది.

మరుసటి ఆదివారం తనే మొగుణ్ణి బయల్దేరదీసింది. పోటీకి మనిషే లేనప్పుడు రుచి చూస్తే తప్పేముంది? అతన్ని మిరపకాయల దగ్గర వదిలి, ఒంటరిగా పందిరి కిందికి వచ్చి ఆకు ముందు కూర్చుంది. నంజమ్మకు ఆమె ఎవరో తెలియదు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

వెల్లుల్లి లేదు. కాల్చిన చింతకాయ. చివర్న నల్లనువ్వులు.

రెండో ముద్దకు చెయ్యి లేవలేదు.

"ఇది మీకు ఎవరు నేర్పినారు?"

"హోసూరాయమ్మ ఒకామె" అని నవ్వింది నంజమ్మ. "ఆమె మొగుడు ఈడికి తినేదానికి వస్తా ఉన్న్యాడు. 'మా ఇంట్లో ఇట్లుండదు, చింతపండు కాదు చింతకాయ, నువ్వులు చాల్లేదు' అని వారం వారం వంకలే. ఆయప్ప చెప్పినట్టల్లా మారుస్తా పోయింది మా అత్త, ఎనిమిదేండ్లు."



"ఆయమ్మను... చూసిందా మీ అత్త?"

"ఒకసారి వచ్చిందంట. తను నూరేది సరిగ్గా ఉందో లేదో చూసుకుందామని మా అత్త ఒక్క ముద్ద అడిగితే, కుక్కకు పెట్టేసి పోయిందంట."

"తిట్టుకుందా?"

"యాడ తిట్టుకుంది! 'నా చెయ్యి ఇంకా కుదర్లేదు, కుదిరినాక ఆయమ్మే పెడుతుంది' అనేది."

నంజమ్మ ఆకులో ఇంకాస్త ఊరుబిండి వేసింది.

"పోయే రోజు దాకా దీన్ని తనదని చెప్పుకోలేదమ్మా, ఎవురు మెచ్చుకున్నా 'ఇది హోసూరు జ్ఞానాంబమ్మ ఊరుబిండి' అనే చెప్పింది."