నిండా పోసిన టీ

"నీ గుర్రాన్ని ఒకసారి పలకరించి వస్తానయ్యా."

చేతికర్ర అందుకుని పెద్దాయన మళ్లీ లేచాడు. వచ్చి గంటయినా కాలేదు.

ఆయన గడప దాటగానే ఎర్మెక్ పళ్లు కొరికాడు.

"చూశావా? ప్రాణమంతా నా గుర్రం మీదే. ఈయన దళారీ కాకపోతే నేను మీసం తీయించుకుంటా."

"ఉన్న నాలుగు వెంట్రుకలకి అంత పందెమెందుకులే," అంది భార్య బురుల్, టీ కాచే సమోవార్‌లో నీళ్లు నింపుతూ. "పాపం, పెద్దమనిషి. పరామర్శకొచ్చాడు."

"పరామర్శకి ఒకసారొస్తారు. కొండ దాటుకుని వారం వారం వస్తారా?"

నిజమే మరి. ఒరోజ్‌బాయ్ అనే ఆ పెద్దాయన వాళ్లకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. గుర్రాల మీద మేక కళేబరం లాక్కునే పోటీలో ఎర్మెక్ పడి వెన్ను విరగ్గొట్టుకున్నాడని నారిన్ సంతలో విన్నాడట. ఈ వేసవిలో ఊడిపడ్డాడు. అప్పటికే ఎర్మెక్ చక్రాల కుర్చీకి అతుక్కుని రెండేళ్లయింది.

కాళ్లు పోయినందుకు ఎర్మెక్ ఏడ్చాడు, ఊరుకున్నాడు. ఊరుకోలేనిది ఇంకొకటి ఉంది.

ఒంటేలు మీద అదుపు పోయింది. ఆసుపత్రిలో గొట్టం వేసి, కాలికి సంచి కట్టి పంపారు. పొరుగింటి విందులో నలుగురి మధ్య ఆ సంచి కారింది. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అతన్ని కాల్చేసింది.

ఆ రోజు నుంచి గడప దాటలేదు. జలుబు చేసి ఎవరైనా ముక్కు తుడుచుకున్నా, గుమ్మడికాయ దొంగలా దుప్పటి సర్దుకునేవాడు. సంచి నిండకూడదని నీళ్లు మానేశాడు. టీతో పెదవులు తడుపుకునేవాడంతే. జ్వరాలు పట్టుకున్నాయి. మూత్రపిండాలు పోతాయని డాక్టరమ్మ చెప్పిందంతా గోడకు చెప్పినట్టే అయింది.

ఆకులు రాలే కాలానికి తమ్ముడి పెళ్లి. అన్న కూర్చోని విందు తనకొద్దని తమ్ముడి పంతం. రానంటే రానని ఎర్మెక్ పంతం.

పెద్దాయన తిరిగొచ్చి, కూర్చుని, గిన్నె చాచాడు.

"పొయ్యమ్మా. నీ చేతి టీకి దాహం తీరదు, పెరుగుతుంది."

తర్వాత ఎర్మెక్ వైపు తిరిగాడు.

"నువ్వూ తాగు. నీకంటే ఒంటె నయం, దొరికినప్పుడైనా తాగుతుంది."

"నాకు దాహం లేదు."

"దాహం లేదా, ధైర్యం లేదా?"

ఎర్మెక్ మొహం కందిపోయింది.

"నడిచేవాళ్లకి ఎన్ని కబుర్లైనా వస్తాయి, పెద్దాయనా."

ఆయన నవ్వు ఆగిపోయింది. గిన్నె కింద పెట్టాడు.

"అమ్మా, నువ్వు కాస్త అలా బయటికి వెళ్తావా? నీ మొగుడితో ఒక మాటుంది. ఆడవాళ్ల ముందు చెప్పేది కాదు."

బురుల్ వెళ్లింది. పెద్దాయన నడుం పట్టీ మీద చెయ్యి వేసి, మాటల కోసం తడుముకున్నాడు.

"ఎర్మెక్, ఇన్నాళ్లూ చెప్పలేక..."

ఇదిగో, పట్టీలోంచి బయానా తీస్తాడు అనుకున్నాడు ఎర్మెక్.

కెటిల్ అందుకున్నాడు. అతిథికి టీ గిన్నె అడుగున కాస్తే పోయాలి. అయ్యేకొద్దీ పోస్తూ ఇంకాసేపు కూర్చోబెట్టుకోవాలి. నిండా పోశారంటే, తాగి ఇక దయచెయ్యమని అర్థం. ఆ కొండల్లో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతే.

ఎర్మెక్ అంచుదాకా పోశాడు.

పెద్దాయన చెయ్యి పట్టీ మీంచి జారింది.

"నిండా పోశావే."

"గుర్రం అమ్మకానికి లేదు."

"గుర్రమా?" ఆయనకు ఒక క్షణం పట్టింది. తర్వాత నవ్వాడు గానీ, అది నవ్వులా లేదు. "సరే బాబూ. పోసింది వదలకూడదు."

చివరి చుక్కదాకా తాగాడు. రెండు చేతులతో మొహం తడుముకుని, ఈ ఇల్లు చల్లగా ఉండాలని దీవించాడు. వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

పెళ్లి జరిగింది. ఆ పాటలు ఎర్మెక్ కిటికీ వెనక నుంచే విన్నాడు.

మంచు పడ్డాక మేనమామ జుమాష్ కొండ అవతలి నుంచి వచ్చాడు, చంకలో మూటతో.

"మా పక్కింటి ఒరోజ్‌బాయ్ పోయాడురా. నిద్రలోనే. స్నానం చేయించినవాళ్లలో నేనూ ఉన్నా."

తను పోసిన గిన్నె తలుచుకుంటే ఎర్మెక్‌కి సిగ్గేసింది.

"నా గురించి ఏమైనా అన్నాడా మామా?"

"ఒకసారన్నాడు. ఆ కుర్రాడికి చెప్పడం నాకు చేతకాలేదు, మళ్లీ వెళ్లడానికి మొహం చెల్లలేదు అన్నాడు. ఏమిటంటే నోరు విప్పలేదు."

"గుర్రం బేరం కాదా?"

"ఆయనకి నీ గుర్రమెందుకురా? ఆయన గుర్రాల మందే ఒక లోయ నిండా ఉంది."

జుమాష్ మూట విప్పాడు. స్నానం చేయించినవాళ్లకి పోయినవాళ్ల బట్టలివ్వడం ఆనవాయితీ. ఆయన వంతుకి ప్యాంటు వచ్చింది.

"కుర్రతనంలో గుర్రం మీంచి పడి నడుం విరిగిందనీ, కర్ర పట్టుకుని లేచాడనీ ఊరందరికీ తెలుసు. మిగతాది పక్కింట్లో ఉన్న నాకే తెలీదు. స్నానం దగ్గర చూసింది పైకి చెప్పకూడదు, చెప్పను. బట్టలకి ఆ కట్టుబాటు లేదు. తిరగేసి చూడు."

ఎర్మెక్ తిరగేశాడు.

లోపల, మోకాలి కింద, ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డతో కుట్టిన పొడవాటి జేబు ఉంది. దాని అడుగున రబ్బరు గొట్టం దూరేంత చిల్లు. గుర్రాన్ని పలకరించే వంకతో ఆయన మాటిమాటికీ బయటికెందుకు వెళ్లేవాడో అప్పుడర్థమైంది.

తనలాగే కాలికి సంచి కట్టుకుని, జీవితమంతా ప్రతి విందులోనూ నలుగురి మధ్య కూర్చున్న మనిషి, ఆ ఒక్క సంగతి చెప్పడానికే కొండ దాటి వచ్చాడు.