ఏడు మెత్తలు

"ఇవాళ కూడా చెప్పకపోయావో, మన పెళ్లి సంగతి మర్చిపో" అంది చినాత్సు, సోబా నూడుల్సు కొట్టు పక్కనున్న మెట్ల దగ్గర నెగిషిని నిలదీసి.

నెగిషి చెప్పాల్సింది ఒక్క ముక్కే. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే జబ్బు తనకి తగ్గిపోయిందనీ, ఇక ఈ మేడ మీద వైద్యానికి రాననీ. జబ్బు తగ్గి మూడేళ్లయింది. మూడేళ్లుగా మహానుభావుడు ప్రతి గురువారం వస్తూనే ఉన్నాడు. చినాత్సు పనిచేసే పళ్ల ఆసుపత్రికి సెలవేమో గురువారం మధ్యాహ్నమే. మునిసిపల్ ఆఫీసులో పెళ్లి నమోదు చేయించుకుందామని కాగితాలు సంచిలో పెట్టుకుని ఆమె తిరగడం ఇది తొమ్మిదో గురువారం.

"చెబితే వాళ్లు నొచ్చుకుంటారేమో" అని నసిగాడు.

"మాట బయటికి రావడానికి మత్తుసూది కావాలా నీకు? ఎంతెంత మొండిఘటాల చేతో నోరు తెరిపించాను, నీ దగ్గరే ఓడిపోతున్నాను. ఎవరి మొహం మీదైనా కుదరదనడానికి నాకు అరనిమిషం చాలు. నాలుగింటి దాకా చూస్తాను, తర్వాత నీ ఇష్టం."

పైన డాక్టర్ తొగావాగారితో కలిపి ఏడుగురు చాపల మీద గుండ్రంగా కూర్చున్నారు. ఆ వారం ఎవరు ఎక్కడెక్కడ బెదిరిపోయారో అందరి ముందూ చెప్పుకోవడమే అక్కడి వైద్యం. ఆఫీసులో ఫోను మోగితే బల్ల కింద దూరానని హాగా అనే ఆవిడ ఎప్పట్లాగే చెప్పింది. చేపల వ్యాపారి ఇకెఉచి తలొంచుకుని, తనకి చెప్పుకోవడానికే సిగ్గుగా ఉందన్నాడు. నెగిషి వంతు వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని, ఉన్నదంతా ఒక్క గుక్కలో కక్కేశాడు.



"నాకూ తగ్గింది" అంది హాగా. "నాలుగేళ్లయింది. మా ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లన్నీ ఎత్తేది నేనే."

మరో ముగ్గురు తమకీ తగ్గిందని ఒప్పుకున్నారు. మిగిలినవాళ్లు మనసు కష్టపెట్టుకుంటారని ఎవరికి వాళ్లే ఆగిపోయారట. ఇకెఉచి అయితే తనకి అసలా జబ్బే లేదన్నాడు. నూడుల్సు తిందామని వచ్చి పొరపాటున ఈ మెట్లెక్కాడట. రండి రండి అని అందరూ మెత్త వేసి కూర్చోబెట్టేస్తే, లేచి వెళ్లడం బాగుండదని ఆరేళ్లుగా వస్తున్నాడట.

అందరూ డాక్టరుగారి వైపు చూశారు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, రెండేళ్ల కిందటే పని మానేసి ఇంటిపట్టున ఉందామనుకున్నాననీ, ఇంత భక్తిగా వచ్చేవాళ్లని రావద్దని ఎలా చెప్పడమనీ అన్నాడు.

అందరూ పడీపడీ నవ్వారు. ఇవాళ్టితో ఈ గదికి దణ్ణం పెట్టేద్దామని తీర్మానించుకున్నారు. నెగిషికి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కొట్టు యజమానురాలు తొమె మామ్మ, ఎనభై నాలుగేళ్ల మనిషి, చేతుల నిండా కొత్త మెత్తలతో వచ్చింది. వెనకాలే టీ పళ్లెం పట్టుకుని చినాత్సు. నాలుగు దాటింది, ఆమె కళ్లలో నిప్పులు.

"చలికాలమంతా కూర్చుని కుట్టాను. పోయిన మా ఆయన బట్టలతోనే" అంది మామ్మ, ఏడు మెత్తలూ పరుస్తూ. నాట్యం నేర్పే ఆవిడెవరో ఈ గది అద్దెకి అడిగిందట. గురువారాలు మావాళ్లొస్తారని పంపించేసిందట. "వచ్చేవారం నుంచి వీటి మీద కూర్చుందురుగాని."

ఆరుగురూ నెగిషి వైపు చూశారు. వాళ్లలో ధైర్యవంతుడు అతనేగా మరి. నెగిషి గొంతు సవరించుకున్నాడు.

"చాలా మెత్తగా ఉన్నాయి మామ్మగారూ" అన్నాడు.

చినాత్సు టీ పళ్లెం ఠక్కున కింద పెట్టి, అతన్ని పక్కకి నెట్టి ముందుకొచ్చింది. "ఇతను చెప్పలేడు, నేను చెబుతాను వినండి మామ్మగారూ. వచ్చే గురువారం..."

మామ్మ ఆమె చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది. "నువ్వూ చేరావా తల్లీ? నీలం గుడ్డా, బూడిదరంగుదీ ఇంకాస్త మిగిలున్నాయి. నీకు ఏ రంగుది కుట్టమంటావు?"

చినాత్సు నోరు తెరిచింది. అరనిమిషం గడిచింది.

"నీలం" అంది.