మనోడేనా?

“కాస్త అన్నం పెట్టండి” అన్నాడు మీరావలి, పెళ్ళాంతో.

పెరుగు తోడు కోసం వచ్చిన పక్కింటి గురవమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. పెళ్ళాన్ని అండీ అనే మగాడిని ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. అతను గబగబా తిని, కంచం కూడా తనే కడిగి, మిరప కల్లం వైపు వెళ్ళిపోయేదాకా ఊపిరి బిగబట్టింది. తర్వాత జాన్‌బీ మోచెయ్యి పట్టుకుంది.

“ఏమే, ఎప్పట్నుంచే ఈ అండీలు?”

“అంటే తప్పా అక్కా?”

“తప్పా ఏందే! మీ ఆయన నిన్ను ఒసేయ్ అని పిలిస్తే రోడ్డు మీద లారీలు ఆగేయి. నీకు తేడా తెలీలా?”

నిజంగానే, గురవమ్మ చెప్పేదాకా జాన్‌బీకి అది పట్టలేదు. చెప్పాక మాత్రం అన్నీ తేడాగానే కనబడ్డాయి. మీరావలి ఆమె కళ్ళలోకి చూడడు. వెనక నుంచి వస్తే ఉలిక్కిపడతాడు. మంచం ఇంట్లోంచి తీసి కల్లంలో వేసుకున్నాడు. అడిగితే దొంగల భయం అన్నాడు.

అతని మిరపకాయల జోలికి వెళ్ళే దొంగ ఇంకా పుట్టలేదు. ఆ ఘాటు అలాంటిది. కిందటేడు ఆ మిర్చి టిక్కీ బస్తాలు ఎక్కించుకున్న లారీ డ్రైవరు ఊరి పొలిమేరలో తుమ్మడం మొదలుపెట్టాడు. గుంటూరు యార్డుకని బయల్దేరినవాడు, తుమ్ములు ఆగి కళ్ళు తెరిచేసరికి పొదిలిలో ఉన్నాడు. ఆ కల్లం మీదుగా కాకులు ఎగరవు. చుట్టు తిరిగి పోతాయి.

“ఇదంతా ఎప్పట్నుంచి?” అంది గురవమ్మ.

“పత్తి చేలో అది పడ్డప్పట్నుంచి.”

ఆ సంగతి ఊరందరికీ తెలుసు. పత్తి చివరి తీతల రోజుల్లో, పొద్దు వాలే వేళ, ఏదో పచ్చగా మండుతూ ఆకాశం నుంచి వచ్చి మీరావలి చేలో పడింది. మొగుడూ పెళ్ళాం అక్కడే ఉన్నారు. చెరో వైపు నుంచి మొక్కల్లోకి పరుగెత్తారు. కాసేపు ఒకరికొకరు కనబడలేదు. చీకటి పడేలోగా ఇద్దరూ ఇంటికైతే వచ్చారు. చేలో ఒక గుంట తప్ప ఏమీ మిగల్లేదు. ఊరు కొన్నాళ్ళు చెప్పుకుంది. మిరప కోతలు మొదలయ్యాక మరిచిపోయింది.

గురవమ్మ మరిచిపోలేదు. ఆమెకి సినిమా పిచ్చి. మర్నాడే జాన్‌బీని సత్తెనపల్లి లాక్కెళ్ళి మ్యాట్నీలో కూర్చోబెట్టింది. తెర మీద అచ్చం ఇదే కథ. పొలంలో ఏదో పడుతుంది. అందులోంచి వచ్చింది రైతుని మింగేస్తుంది. అతని ఒంటిని చొక్కాలా తొడుక్కుని, అతని ఇంటికే వచ్చి కాపురం పెడుతుంది. హాలంతా కేకలు పెట్టింది. జాన్‌బీ రెప్ప వెయ్యకుండా చూసింది.

“ఇది సైన్సు సినిమానా అక్కా, దెయ్యం సినిమానా?” అని అడిగింది బయటికొచ్చాక.

“ఇంటర్వెల్ దాకా సైన్సు, ఆ తర్వాత దెయ్యం. అయినా దెయ్యమే నయం. పాదాలు వెనక్కుంటాయి, ఇట్టే పట్టెయ్యొచ్చు. వీటికి పాదాలు సరిగ్గానే ఉంటాయి, మనిషే తేడా! ఆ హీరోయిన్ చూడు, మొగుణ్ణి కనిపెట్టడానికి ఎన్ని మిషన్లు తిప్పిందో. మనూరు రమ్మను, గుప్పెడు మిరపకాయలిస్తా.”

“మిరపకాయలెందుకు?”

“దిష్టి తీసి నిప్పుల్లో పొయ్యడానికి! మనోడైతే దగ్గి దగ్గి చస్తాడు. పైనుంచి ఊడిపడ్డదైతే గుడ్లప్పగించి చూస్తది.”

బస్సెక్కాక గురవమ్మ మళ్ళీ ఆరా తీసింది. “పెళ్ళైన కొత్తల్లో ఎట్టా ఉండేవాడో చెప్పు. పోల్చి చూద్దాం.”

జాన్‌బీ కిటికీలోంచి బయటికి చూసింది. “గుర్తు రావట్లేదక్కా.”

“గుర్తుంచుకునేంత గొప్పోళ్ళు ఏ ఇంట్లో ఉన్నార్లే!” అని గురవమ్మ పకపకా నవ్వింది.

జాన్‌బీకి నవ్వు రాలేదు. మనోడైతే చాలు, దాపరికం లేకుండా నోరు విప్పి మాట్లాడుకోవచ్చు. కాకపోతే? ఇంత పెద్ద ఊళ్ళో తనకంటూ ఇంకెవరున్నారు?

మర్నాడు మధ్యాహ్నం మీరావలి భోజనానికి రాగానే పీట వేసింది.

“దిష్టి తగిలింది నీకు. కూర్చో.”

“నాకెందుకండి దిష్టి?” అంటూనే అతను గుమ్మం వైపు చూశాడు. అక్కడ గురవమ్మ దారికి అడ్డంగా నిలబడి ఉంది.

“కూర్చో మరిదీ. పెళ్ళాం ప్రేమగా తీస్తుంటే పారిపోతావేం?”

జాన్‌బీ ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి అతని చుట్టూ తిప్పింది. కుంపట్లో పోసింది. ఎర్రటి పొగ గుప్పుమని లేచింది.

మీరావలి కదల్లేదు. గుడ్లప్పగించి జాన్‌బీ మొహంలోకే చూస్తున్నాడు. ఆ గుడ్లు చూసి గురవమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జాన్‌బీ గుండెలో ఆశో భయమో ఒకటి ఎగిరి పడింది.

అంతలో అతని బిగబట్టిన ఊపిరి తన్నుకొచ్చింది. దగ్గాడు. మామూలు దగ్గు కాదు. పెరట్లో పొదుగుతున్న కోడి గుడ్లు వదిలేసి గోడెక్కింది. కళ్ళూ ముక్కూ ఏకమై అతను పీట మీంచి దొర్లిపోయాడు. అటు గురవమ్మా అందుకుంది. దగ్గు మధ్యలోనే పడీ పడీ నవ్వుతూ అరిచింది.

“మనోడేనే జాన్‌బీ! మనోడే!”

తనకి మాత్రం మనోడు కాదని తేలిపోయాక, వాళ్ళిద్దరూ నోరు ఎంత తెరుస్తున్నారో, భుజాలు ఎలా ఎగరేస్తున్నారో జాగ్రత్తగా చూసుకుని, జాన్‌బీ కూడా దగ్గడం మొదలుపెట్టింది.